సరిహద్దులో పట్టుబడ్డ ఆ 169 మంది ఎవరు? ప్రభుత్వ లెక్కలు ఎలా చదవాలి?

అడిగినది క్లుప్తంగా ఇదీ: "అమెరికా దక్షిణ సరిహద్దులో ఒక్క ఏడాదిలో 169 మంది టెర్రరిస్టులు దొరికారనీ, 13 వేల మంది హంతకుల్ని దేశంలోకి వదిలేశామని ప్రభుత్వమే ఒప్పుకుందనీ వాట్సాప్‌లో తిరుగుతోంది. అదే ప్రభుత్వం అప్పట్లో, వచ్చినవాళ్ళందర్నీ పూర్తిగా తనిఖీ చేశాకే వదులుతున్నామని కూడా అంది. రెండిట్లో ఏది నమ్మాలి? ఈ రిపోర్టులు ఎలా చదవాలి? వీసా మీద వచ్చిపోయే మన మీద దీని ప్రభావం ఏమైనా ఉంటుందా?"

సూటిగా చెప్పాలంటే, అంకెలు ప్రభుత్వానివే, వాటికి తగిలించిన అర్థాలు మాత్రం వాటిలో లేవు. 169 అంటే ఒక నిఘా జాబితాలోని వివరాలతో సరిపోలిన పట్టివేతల సంఖ్య. నేరం రుజువైన ఉగ్రవాదుల సంఖ్య కాదు. 13 వేలు అన్నది ఒక ఏడాదిలో సరిహద్దు దాటినవాళ్ళ లెక్క అసలే కాదు. అలాగని "పూర్తిగా తనిఖీ చేశాం" అన్న మాటనీ ఉన్నదున్నట్టు తీసుకోకూడదు. ఆ రోజు ఆ అధికారికి అందుబాటులో ఉన్న డేటాబేసుల్లో వెతికారు, అంతవరకే దాని అర్థం. ఈ విషయంలో ఒక్క రకం రిపోర్టే చదివే ఓపిక ఉందంటే, నెలనెలా వచ్చే పట్టికలు పక్కనపెట్టి సరిహద్దు భద్రత చూసే హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖలో, ఆ శాఖ తప్పొప్పులనే తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికలు చదవండి.

నేను అమెరికాలో ఒక ఇమిగ్రేషన్ లాయర్ దగ్గర కేసు ఫైళ్ళు తయారుచేసే పనిలో చాలా ఏళ్ళుగా ఉన్నాను. సమాచార హక్కు కింద ప్రభుత్వం నుంచి క్లయింట్ల రికార్డులు తెప్పించడం, చదవడం, అందులో తప్పులుంటే పట్టుకోవడం నా రోజువారీ పని. కింద రాసేదంతా ఆ కళ్ళతో చూసింది.

ముందు అక్కడ జరిగేదేమిటో చూద్దాం. చెక్‌పోస్టు లేని చోట సరిహద్దు దాటిన మనిషిని పట్టుకునేది బోర్డర్ పెట్రోల్. స్టేషన్‌కి తీసుకెళ్ళి ఫొటో తీస్తారు, 14 ఏళ్ళు నిండినవాళ్ళ పది వేళ్ళ ముద్రలు తీసుకుంటారు, పేరు, పుట్టిన తేదీ, దేశం రాసుకుంటారు. వేలిముద్రలు హోంల్యాండ్ సెక్యూరిటీ వారి ఐడెంట్ వ్యవస్థకీ, ఎఫ్‌బీఐ వారి నేర రికార్డులకీ వెళతాయి. పేరూ పుట్టిన తేదీ నిఘా జాబితాతో పోల్చి చూస్తారు. ఆ జాబితాని నిర్వహించేది 2003లో ఎఫ్‌బీఐ కింద పెట్టిన టెర్రరిస్ట్ స్క్రీనింగ్ సెంటర్. ఏదైనా పోలిక తగిలితే వర్జీనియాలోని నేషనల్ టార్గెటింగ్ సెంటర్ ద్వారా ఆ సంగతి స్క్రీనింగ్ సెంటర్‌కి వెళ్ళి, ఆ మనిషేనా కాదా అని తేలాలి.

ఈ క్రమం అంతా చివరికి, పట్టుబడ్డ మనిషి గురించి అధికారి నింపే ఐ-213 అనే ఫారంలో ఒకటి రెండు వాక్యాలుగా మిగులుతుంది. నా బల్ల మీదకి వచ్చేది ఆ కాగితమే. "రికార్డులు చూశాం, ఏమీ రాలేదు" అనే అర్థం వచ్చే వాక్యం దాదాపు ప్రతి ఫారంలోనూ ఒకేలా ఉంటుంది. ఏయే రికార్డులు చూశారన్న వివరం ఉన్నచోట నల్ల గీత కొట్టేసి పంపుతారు. ఒకసారి కలిసి సరిహద్దు దాటిన అన్నదమ్ముల ఫైళ్ళు పక్కపక్కన పెట్టి చూశాను. అన్న ఫారంలో ఇంటిపేరు ఇంటిపేరు గడిలోనే ఉంది. తమ్ముడి ఫారంలో ఇంటిపేరు వెళ్ళి సొంత పేరు గడిలో కూర్చుంది. పైగా తమ్ముడు పుట్టింది ఆగస్టు 5న. మనం 05/08 అని రాస్తాం కదా, అమెరికా పద్ధతిలో అది మే 8 అయింది. ఇద్దరి ఫారాల్లోనూ కింద అదే వాక్యం: ఏమీ రాలేదు. తమ్ముడి విషయంలో వేలిముద్రల తనిఖీ పక్కాగా జరిగిందనుకుందాం. పేరు మీద జరిగిన తనిఖీ మాత్రం లోకంలో లేని మనిషి మీద జరిగింది. ఇలాంటివి నేను తరచూ చూస్తాను. "తనిఖీ చేశాం" అని ఎవరు గట్టిగా అన్నా నాకు ముందు ఆ తమ్ముడి ఫారమే గుర్తొస్తుంది.

ఇప్పుడు 169 సంగతి. కస్టమ్స్ అండ్ బోర్డర్ ప్రొటెక్షన్, అంటే సీబీపీ, ఈ లెక్కలు ప్రచురిస్తుంది. వాళ్ళ ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలై సెప్టెంబర్ 30తో ముగుస్తుంది, ఇది మర్చిపోతే పోలికలన్నీ తప్పుతాయి. నైరుతి సరిహద్దులో, అంటే మెక్సికో వైపు, చెక్‌పోస్టుల మధ్య ప్రాంతంలో పట్టుబడి, నిఘా జాబితాతో సరిపోలిన విదేశీయుల లెక్క 2020లో 3, 2021లో 15, 2022లో 98, 2023లో 169. ఆ 2023లో అదే సరిహద్దులో బోర్డర్ పెట్రోల్ పట్టివేతలు మొత్తం 20 లక్షల పైచిలుకు. అంటే సుమారు 12 వేల పట్టివేతల్లో ఒకటి.

ఇక్కడితో ఆగి "చూశారా, ఏమీ లేదు" అనేవాళ్ళు ఉన్నారు. నేనలా అనను. 2020తో పోలిస్తే 2023కి పట్టివేతలు సుమారు 5 రెట్లు పెరిగాయి, జాబితా సరిపోలికలు 50 రెట్లు దాటాయి. జనం పెరిగారు కాబట్టి ఇవీ పెరిగాయని సరిపెట్టుకోవడం కుదరదు. వచ్చేవాళ్ళ దేశాలు మారడం ఒక పెద్ద మార్పు. కొలంబియా నుంచి 2021లో 6 వేల చిల్లరగా ఉన్న పట్టివేతలు 2022కి లక్షా పాతిక వేల దాకా వెళ్ళాయి. కొలంబియాలో దశాబ్దాల పాటు అంతర్యుద్ధం నడిచింది. అక్కడి ఫార్క్ గెరిల్లా సంస్థ 1997 నుంచి 2021 నవంబర్ దాకా అమెరికా ఉగ్రవాద సంస్థల పట్టీలో ఉంది. 2016లో శాంతి ఒప్పందం చేసుకుని ఆయుధాలు దించిన సంస్థ అది. అలాంటి దేశం నుంచి లక్షల్లో జనం కదిలితే జాబితాలో పేర్లు తగలడంలో వింత లేదు. ఇక ఆ జాబితాలో ఉన్నది ఉగ్రవాదులూ అనుమానితులే కాదు, వాళ్ళతో సంబంధం ఉన్నవాళ్ళూ ఉంటారని సీబీపీ తన పేజీలోనే రాసింది. పేరు ఎక్కడానికి కావలసింది సహేతుకమైన అనుమానం, కోర్టు తీర్పు కాదు. 2017 నాటికి అందులో దాదాపు 12 లక్షల పేర్లు ఉన్నట్టు ఒక కోర్టు కేసులో ప్రభుత్వమే చెప్పింది.

ఇంకో సంగతి వాట్సాప్‌లో ఎవరూ పంపరు. 2023లోనే చట్టబద్ధమైన చెక్‌పోస్టుల దగ్గర జాబితాతో సరిపోలినవి మెక్సికో వైపు 80, కెనడా వైపు 484. చెక్‌పోస్టుల లెక్కలో అన్ని దేశాలవాళ్ళూ ఉంటారు, అమెరికా పౌరులతో సహా. చెక్‌పోస్టుల మధ్య లెక్కలో విదేశీయులే ఉంటారు. ఒకే మనిషి రెండుసార్లు తగిలితే రెండుగా పడుతుంది. ఈ రెండు పట్టికల్నీ కూడేసి ఒకే అంకెగా చెప్పేవాళ్ళు కనిపిస్తే ఆ వార్త అక్కడితో వదిలేయండి.

ఈ కలగాపులగం ఒక్క పార్టీ సొత్తు కాదు. 2019 జనవరిలో వైట్‌హౌస్ ప్రెస్ సెక్రటరీ సారా శాండర్స్ టీవీలో, దాదాపు 4 వేల మంది తెలిసిన లేదా అనుమానిత ఉగ్రవాదులు దేశంలోకి అక్రమంగా వస్తుంటారనీ, అందుకు అతి బలహీనమైన చోటు దక్షిణ సరిహద్దేననీ చెప్పారు. 2018 జనవరిలో హోంల్యాండ్ సెక్యూరిటీ, న్యాయశాఖ కలిసి ఇచ్చిన నివేదిక చూస్తే కథ వేరు. 2017లో అమెరికాకి ప్రయాణిస్తూ జాబితాతో సరిపోలినవి 2,554. అందులో విమానాల్లో 2,170, నేల మీద 335, సముద్రం మీద 49. అంటే అసలు కథ విమానాశ్రయాలదీ, వీసాలదీ. అప్పుడు సరిహద్దు గోడ కావాలనుకున్నవాళ్ళు అంకెని పెంచి చదివారు. తర్వాత అధికారంలోకి వచ్చినవాళ్ళు పెరుగుతున్న అంకెని "చాలా అరుదు" అన్న మాటతో దాటేశారు.

2025 తర్వాతి లెక్కలు చదివేవాళ్ళకి ఒక హెచ్చరిక. 2025 ఫిబ్రవరిలో అమెరికా సినలోవా కార్టెల్, ట్రెన్ దె అరాగ్వా, ఎంఎస్-13తో సహా 8 ముఠాలని విదేశీ ఉగ్రవాద సంస్థలుగా ప్రకటించింది. మత్తుమందుల ముఠా మనిషి కూడా ఇప్పుడు ఉగ్రవాద లెక్కలోకి రావచ్చు. పాత ఏళ్ళతో కొత్త ఏళ్ళని నేరుగా పోల్చి "పెరిగింది", "తగ్గింది" అనడం ఇక చెల్లదు.

పట్టికలో అసలు కనపడనిది, నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది, పోలిక తగిలాక ఏం జరిగిందన్నది. దీనికి ఇన్‌స్పెక్టర్ జనరల్ 2023 జూన్‌లో ఇచ్చిన ఓఐజీ-23-31 నివేదిక చదవాలి. 2022 ఏప్రిల్ 17న అరిజోనాలోని యూమా దగ్గర ఒక వ్యక్తి కుటుంబంతో సరిహద్దు దాటి పట్టుబడ్డాడు. జాబితాతో పోలిక వచ్చింది కానీ ఖాయంగా తేలలేదు. ఇంకాస్త సమాచారం కావాలి, ఇంటర్వ్యూ చేయండి అని స్క్రీనింగ్ సెంటర్ అడిగింది. ఆ అభ్యర్థన తప్పుడు ఈమెయిల్ చిరునామాకి వెళ్ళింది. ఇంటర్వ్యూ జరగలేదు. స్టేషన్ అప్పటికే సామర్థ్యానికి మించి కిక్కిరిసి ఉంది, జనాన్ని త్వరగా పంపించే ఒత్తిడి ఉంది. రెండు రోజులకే, ఏప్రిల్ 19న, విడుదల చేసేశారు. ఏప్రిల్ 21న కాలిఫోర్నియా నుంచి ఫ్లోరిడాలోని టాంపాకి విమానం ఎక్కబోయినప్పుడు జరిగిన తనిఖీతో పోలిక ఖాయమైంది. ఆ తర్వాతైనా పరుగున వెళ్ళి పట్టుకున్నారా అంటే, అరెస్టు జరిగింది మే 6న. కదలికలు తెలిపే జీపీఎస్ సమాచారం చేతికి రావడంలో ఆలస్యం, అరెస్టుకి అవసరమైన కాగితపు ఫైలు ఒక ఆఫీసు నుంచి ఇంకో ఆఫీసుకి చేరడంలో ఆలస్యం.

ఈ ఉదంతం చదివినప్పుడల్లా నాకు కోపం వస్తుంది. డేటాబేసు తన పని తాను చేసింది. జాబితా పని చేసింది. దెబ్బతిన్నది ఈమెయిల్ దగ్గర, ఫైలు దగ్గర, కిక్కిరిసిన గది దగ్గర. ఈ మనిషి ఆ ఏడాది పట్టికలో ఒక అంకె మాత్రమే. పట్టుకుని వదలకుండా ఉంచినా అదే అంకె, వదిలేసినా అదే అంకె. 2024 ఆగస్టులో ప్రతినిధుల సభ జ్యుడీషియరీ కమిటీ మెజారిటీ పక్షం ఇచ్చిన నివేదికలో, 2021 నుంచి 2023 వరకు జాబితాతో సరిపోలినవాళ్ళలో కనీసం 99 మందిని విడుదల చేశారని ఉంది. అది ఒక పార్టీ సిబ్బంది రాసిన నివేదిక, ఆ వాసన అందులో ఉంటుంది. అయినా ఆ ప్రశ్న సరైన ప్రశ్న. సీబీపీ పట్టికలో దానికి గడి లేదు.

రెండో గుడ్డి చోటు ఇంకా కష్టమైనది. జల్లెడలో పడేది ఆ కన్నం కంటే పెద్దదైతేనే ఆగుతుంది. 2024 జూన్‌లో న్యూయార్క్, ఫిలడెల్ఫియా, లాస్ ఏంజెలెస్‌లలో 8 మంది తజికిస్తాన్ పౌరుల్ని అరెస్టు చేశారు, ఐసిస్‌తో సంబంధాలున్నాయన్న అనుమానం మీద. దక్షిణ సరిహద్దు ద్వారా వచ్చినవాళ్ళు. వచ్చినప్పుడు తనిఖీ చేశారు, ప్రతికూల సమాచారం ఏదీ దొరకలేదు. అప్పటికి అమెరికా దగ్గర వాళ్ళ గురించి ఏమీ లేకపోతే ఏం దొరుకుతుంది? ఇలాంటి చోట అధికారి తప్పేమీ ఉండదు. స్వదేశపు పోలీసు రికార్డులు అమెరికాతో పంచుకోని దేశం నుంచి వచ్చిన మనిషికి "ఏమీ రాలేదు" అంటే నిజంగా ఏమీ తెలియదని.

2024 జూన్‌లోనే వచ్చిన ఓఐజీ-24-27 నివేదిక ఈ లోటుని శాఖ స్థాయిలో చూపించింది. సీబీపీ అధికారులకి కావలసిన ఫెడరల్ సమాచారం అంతా అందుబాటులో లేదని, వాహనాల్లో వచ్చేవాళ్ళని వేలిముద్రలతోనో ముఖంతోనో పోల్చే సాంకేతికత నేల సరిహద్దు చెక్‌పోస్టుల్లో లేదని, అసైలం (ఆశ్రయం కోరే) దరఖాస్తులు 4 లక్షలకు పైగా 180 రోజుల గడువు దాటి పడి ఉన్నాయని, ఆ మధ్యకాలంలో వాళ్ళని మళ్ళీ తనిఖీ చేసే ఏర్పాటు సరిగా లేదని రాసింది. చివరి విషయం మనవాళ్ళు తరచూ పట్టించుకోరు. తనిఖీ అన్నది ఒక్కరోజు పని కాకూడదు. ఈ రోజు లేని సమాచారం వచ్చే ఏడాది రావచ్చు.

పేర్ల సంగతికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే దీని మీద అందరికన్నా మంచి ఆధారం అఫ్ఘాన్ నివేదికలో ఉంది. కాబూల్ పతనం తర్వాత తరలించినవాళ్ళ గురించి 2022 సెప్టెంబర్‌లో వచ్చిన ఓఐజీ-22-64 అది. 88,977 మంది రికార్డులు చూస్తే 417 రికార్డుల్లో సొంత పేరు లేదు, 242 వాటిలో ఇంటిపేరు లేదు, 11,110 మంది పుట్టినరోజు జనవరి 1. పుట్టిన తేదీ కచ్చితంగా తెలియనివాళ్ళకి జనవరి 1 వేసేయడం ఆ ప్రాంతంలో మామూలే, అందులో మోసం ఏమీ ఉండనక్కర్లేదు. కానీ పేరూ పుట్టినరోజూ మీద నడిచే తనిఖీకి అది చేటు. శాఖ ఈ నివేదికతో పూర్తిగా ఒప్పుకోలేదు, వేలిముద్రలతో సహా చాలా అంచెల్లో చూశామంది. ఆ జవాబు నివేదిక చివర్లోనే అచ్చవుతుంది. ఇన్‌స్పెక్టర్ జనరల్ నివేదికల్ని నేను ఇష్టపడేది ఇందుకే. ఆరోపణా, శాఖ సమాధానమూ ఒకే చోట ఉంటాయి. నివేదిక తెరిచిన వెంటనే చివరి పేజీల్లోని శాఖ స్పందనకి వెళ్ళండి. ఏ సిఫార్సుకి ఒప్పుకున్నారో, దేనికి ఒప్పుకోలేదో చూశాక మిగతాది చదివితే మీడియా హెడ్డింగుల అవసరం ఉండదు.

13 వేల హంతకుల లెక్క ఎక్కడిదంటే, 2024 సెప్టెంబర్‌లో వలస చట్టాలు అమలుచేసే ఐస్ సంస్థ టెక్సాస్ ప్రతినిధి టోనీ గొంజాలెస్‌కి రాసిన లేఖలోది. హత్య కేసులో శిక్షపడి, ఐస్ నిర్బంధంలో లేని విదేశీయులు 13,099 మంది అని. ఐస్ నిర్బంధంలో లేరంటే వీధిలో తిరుగుతున్నారని కాదు. రాష్ట్ర జైలులో శిక్ష అనుభవిస్తున్నవాడు కూడా ఈ లెక్కలో ఉంటాడు. పైగా అది దశాబ్దాలుగా పోగైన జాబితా, చాలామంది చట్టబద్ధంగా వచ్చాక ఇక్కడ నేరం చేసినవాళ్ళు. సరిహద్దు తనిఖీ ఎలా ఉందో చెప్పడానికి ఇది పనికిరాదు. అయితే ఎంతమంది జైల్లో, ఎంతమంది బయట అన్న విభజన లేకుండా అలాంటి అంకెని ఎన్నికల ముందు బయటికి పంపడం బాధ్యత గల పని కాదని నా అభిప్రాయం.

ఇక కెమెరాల్లోనో అడుగుజాడల్లోనో కనిపించి దొరక్కుండా పోయినవాళ్ళు. వీళ్ళకి తనిఖీ అన్నదే లేదు. 2023లో ఈ అంచనా 6 లక్షలు దాటింది. వీళ్ళ లెక్కని ఏటా చెప్పాలని 2017 రక్షణ చట్టంలోనే రాశారు, బోర్డర్ సెక్యూరిటీ మెట్రిక్స్ రిపోర్ట్ అని వెతకండి. భద్రత గురించి నిజంగా ఆందోళన ఉన్నవాళ్ళు 169 కన్నా దీని మీద ఎక్కువ మాట్లాడాలి. లొంగిపోయి అసైలం అడిగినవాడు కనీసం వేలిముద్ర ఇచ్చాడు.

చివరగా వీసా మీద వచ్చిపోయేవాళ్ళ సంగతి. ప్రభావం ఉంది, ముఖ్యంగా పేర్ల వల్ల. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉంటే అమెరికా వీసాలో ఉన్న పేరంతా ఇంటిపేరు గడిలోకి వెళ్ళి, సొంత పేరు చోట ఎఫ్‌ఎన్‌యూ, అంటే సొంత పేరు తెలియదు, అని పడుతుంది. అదే గడి అలా ఉన్నవాళ్ళు వేలల్లో ఉంటారు. మా క్లయింట్ ఒకాయన, చాలా మామూలు పేరు, హెచ్-1బీ మీద ఉన్న ఇంజనీరు, ఇండియా వెళ్ళొచ్చిన ప్రతిసారీ విమానాశ్రయంలో సెకండరీ అనే అదనపు తనిఖీ గదిలో గంటల తరబడి కూర్చునేవారు. ఆయన తప్పేమీ లేదు, పేరు ఇంకెవరితోనో కలుస్తోంది.

ఇలాంటివాళ్ళకి హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ పెట్టిన డీహెచ్‌ఎస్ ట్రిప్ అని ఒక దరఖాస్తు ఉంది, ఆన్‌లైన్‌లో ఉచితం. పాస్‌పోర్టు కాపీ, ఆపిన తేదీలు, విమానాశ్రయాల వివరాలు జతచేయాలి. తేదీలు గుర్తున్నంత వరకు కాకుండా బోర్డింగ్ పాసులు చూసి రాయండి. వాళ్ళు మీరు జాబితాలో ఉన్నారనీ చెప్పరు, లేరనీ చెప్పరు. లేఖ ఆ మేరకే ఉంటుంది, దానికి కంగారు పడొద్దు. దరఖాస్తుతో పాటు ఒక రెడ్రెస్ నంబర్ వస్తుంది. టికెట్ కొనేటప్పుడు రెడ్రెస్ నంబర్ అన్న గడిలో అది వేయాలి. ట్రావెల్ ఏజెంట్ ద్వారా కొంటే అడిగి మరీ వేయించుకోండి, ఎయిర్‌లైన్ ప్రొఫైల్‌లో పెట్టుకుంటే ఇంకా మంచిది. ఆ ఇంజనీరు గారికి నంబర్ వచ్చాక కూడా ఒకసారి ఆపారు. టికెట్ మీద నంబర్ లేదు, ఏజెంట్ వదిలేశాడు. తర్వాతి ప్రయాణం నుంచి సాఫీగా సాగింది. పాస్‌పోర్టు రెన్యూవల్‌కి వస్తుంటే మాత్రం ఈలోపే ఇంటిపేరు గడి నింపించుకోండి. కొత్త వీసా ఆ పేరు మీదే వస్తుంది. పాత వీసా, ఐ-94 (ప్రవేశ రికార్డు), ఐ-797 (ఆమోదపత్రం) కాగితాలు పాత పేరుతోనే ఉంటాయి కాబట్టి అవన్నీ ఒకే కవర్లో పెట్టుకుని ప్రయాణం చేయండి.